మైకు ముందు సిద్ధూ, సభలో సిద్ధూ: ఒక శాసనసభ్యుడి ప్రస్థానంపై చర్చ

పాత స్కోర్‌కార్డు (చర్చ ప్రారంభించినవారు):

క్రికెటర్లు రాజకీయాల్లోకి రావడం గురించి ఈ వేదికలో చాలాసార్లు మాట్లాడుకున్నాం. అయితే నవజ్యోత్ సింగ్ సిద్ధూ సంగతి వేరని నాకు అనిపిస్తుంది. ఆయనకు ఓట్లు తెచ్చిపెట్టింది బ్యాటు కంటే మైకే. 51 టెస్టులు, 136 వన్డేలు ఆడి 1999 చివర్లో ఆట మానుకున్నప్పుడు ఆయన మంచి ఓపెనర్‌గా గౌరవం పొందినవాడే తప్ప ఇంటింటా వినిపించే పేరేమీ కాదు. 2001లో భారత జట్టు శ్రీలంకలో పర్యటించినప్పుడు వ్యాఖ్యానం మొదలుపెట్టాడు. మూడేళ్లు తిరక్కుండానే, 2004లో, భారతీయ జనతా పార్టీ టికెట్టు మీద అమృత్‌సర్ నుంచి లోక్‌సభకు పోటీ చేసి, అక్కడ పాతుకుపోయిన కాంగ్రెస్ నాయకుడు రఘునందన్ లాల్ భాటియాను లక్షకు పైగా ఓట్ల తేడాతో ఓడించాడు. ఆయన సొంత ఊరు పటియాలా అన్నది కూడా గుర్తు పెట్టుకోవాలి.

తర్వాత 2017లో కాంగ్రెస్ తరఫున అమృత్‌సర్ తూర్పు నుంచి పంజాబ్ శాసనసభకు 42 వేలకు పైగా ఆధిక్యంతో గెలిచి మంత్రి అయ్యాడు. కానీ ఆ ఐదేళ్ల పదవీకాలంలో మంత్రిగా ఉన్నది రెండేళ్ల నాలుగు నెలలు మాత్రమే. పార్టీ రాష్ట్ర అధ్యక్షుడిగా నియమితుడైన డెబ్బై రెండో రోజున రాజీనామా లేఖ రాశాడు. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: వ్యాఖ్యాతగా ఆయనను నిలబెట్టిన లక్షణమే శాసనసభ్యుడిగా ఆయనను నిలవనివ్వలేదు. కామెంటరీ పెట్టెలో కూర్చున్నవాడు బంతి పడ్డాక మాట్లాడతాడు, దాని ఫలితానికి అతను పూచీ పడనక్కరలేదు. మంత్రికి ఆ వెసులుబాటు ఉండదు. సభ్యులు ఏమంటారో వినాలని ఉంది.

చేపాక్ గ్యాలరీ:

స్కోర్‌కార్డు గారూ, "మంచి ఓపెనర్‌గా గౌరవం" అని ఒక ముక్కలో తేల్చేయడం నాకు నచ్చలేదు. 1983లో వెస్టిండీస్ మీద రెండు టెస్టులు ఆడించి పక్కన పెట్టినప్పుడు, ఈయనకు కొట్టడమే చేతకాదని ఒక పత్రికా రచయిత రాసిన వ్యాసం సిద్ధూను ఎంత కుదిపిందో ఆయనే తర్వాత చాలాచోట్ల చెప్పుకున్నాడు. నాలుగేళ్ల తర్వాత, 1987 ప్రపంచ కప్పులో, మా చెన్నైలో ఆస్ట్రేలియా మీద తన మొదటి వన్డే ఆడుతూ 73 పరుగులు చేశాడు. ఆ మ్యాచ్ మనం ఒకే ఒక్క పరుగు తేడాతో ఓడిపోయాం. నేను అప్పుడు ఎనిమిదో తరగతి, మా మేనమామ పక్కన స్టాండ్సులో కూర్చున్నాను. ఓడిపోయి ఇంటికి నడిచి వస్తున్న జనం కూడా ఆ సిక్సర్ల గురించే మాట్లాడుకోవడం నాకు ఇప్పటికీ గుర్తుంది.

1994లో లక్నోలో మురళీధరన్ ఉన్న శ్రీలంక జట్టు మీద 124 పరుగుల్లో ఎనిమిది సిక్సర్లు కొట్టాడు, 1998లో షేన్ వార్న్‌ను సచిన్‌తో సమానంగా ఎదుర్కొన్నాడు. అదే మనిషి 1997లో పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో పదకొండు గంటలు క్రీజులో నిలబడి 201 చేశాడు. ఓపిక లేని మనిషి అని మీరు అనబోతున్నారు కాబట్టి ఈ పదకొండు గంటల సంగతి ముందే చెప్పి పెడుతున్నాను.

గోదావరి గట్టు:

ఓపిక క్రీజులో ఉండేదేమో గానీ డ్రెస్సింగ్ రూములో ఉండేది కాదండీ. 1996 ఇంగ్లండ్ పర్యటన మధ్యలో కెప్టెన్ అజహరుద్దీన్‌తో పొసగక జట్టును వదిలి ఇంటికి వచ్చేశాడు కదా. బోర్డు విచారణ జరిపింది, నిషేధం కూడా విధించింది. తర్వాతి కాలంలో ఆయన చేసిన రాజీనామాలన్నింటికీ అదే తొలి నమూనా అని నేను అనుకుంటాను. మన పెళ్లిళ్లలో అలకపాన్పు ఎక్కిన అల్లుడు బతిమాలించుకుని దిగివస్తాడు. ఈయన దిగడు, ఆ పాన్పుతో సహా వెళ్లిపోతాడు.

మన హైదరాబాదుతో ముడిపడిన విచిత్రం ఒకటి ఉంది. 2009లో మొరాదాబాదు నుంచి కాంగ్రెస్ తరఫున గెలిచి అజహరుద్దీన్ కూడా లోక్‌సభకు వచ్చారు, అదే ఎన్నికల్లో అమృత్‌సర్ నుంచి ఏడు వేల లోపు ఆధిక్యంతో సిద్ధూ బయటపడ్డాడు. అలా ఆ పాత కెప్టెన్, ఆ అలిగిన ఓపెనర్ ఐదేళ్లు ఒకే సభలో ఎదురెదురు పక్షాల్లో కూర్చున్నారు.

ఓరుగల్లు వకీలు:

రాజీనామాలన్నింటినీ అలక కింద జమ కట్టడం న్యాయం కాదు. వాటిలో ఒకటి న్యాయశాస్త్రం చదివేవారికి ఇప్పటికీ పాఠంగా ఉంది కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

1988 డిసెంబరులో పటియాలాలో రోడ్డు మీద జరిగిన గొడవలో 65 ఏళ్ల వ్యక్తి ఒకరు మరణించారు. 1999లో విచారణ న్యాయస్థానం సిద్ధూను నిర్దోషిగా వదిలేసింది. 2006 డిసెంబరులో పంజాబ్, హర్యానా హైకోర్టు ఆ తీర్పును తిరగదోడి, హత్య కిందికి రాని ప్రాణహరణ నేరం రుజువైందని మూడేళ్ల శిక్ష వేసింది. అప్పటి ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 8వ సెక్షన్ నాలుగో ఉపవిభాగం ప్రకారం, పదవిలో ఉన్న సభ్యుడికి మూడు నెలల గడువుండేది. ఆ లోపు అప్పీలు వేసుకుంటే అది తేలేవరకు సభ్యత్వం పోదు. సిద్ధూ ఆ రక్షణను వాడుకోకుండా లోక్‌సభకు రాజీనామా చేసి, మళ్లీ పోటీ చేయడానికి వీలుగా దోష నిర్ధారణనే నిలిపివేయమని సుప్రీంకోర్టుకు వెళ్లాడు. 2007 జనవరిలో కోర్టు నిలిపివేసింది. పదవిని పట్టుకుని వేలాడకుండా నైతిక కారణాలతో వదులుకున్న విషయాన్ని తన ఉత్తర్వులో ప్రత్యేకంగా ప్రస్తావించింది. తానే ఖాళీ చేసిన స్థానానికి ఫిబ్రవరిలో జరిగిన ఉప ఎన్నికలో ఆయన 77 వేలకు పైగా ఆధిక్యంతో గెలిచాడు.

శిక్ష అమలును నిలిపివేయడం వేరు, దోష నిర్ధారణను నిలిపివేయడం వేరు. మొదటిది దొరికితే మనిషి జైలుకు వెళ్లనక్కరలేదు, అంతే. అనర్హత తప్పాలంటే రెండోది కావాలి. ప్రజాప్రతినిధుల తరఫున ఈ రెండోది అడిగే న్యాయవాదులు ఈ రోజుకీ సిద్ధూ కేసును ఉదాహరిస్తారు. ఆయన వాడుకోని ఆ మూడు నెలల రక్షణను 2013లో లిలీ థామస్ తీర్పుతో సుప్రీంకోర్టు ఏకంగా కొట్టేసింది. కాబట్టి ఆయన శాసనకర్తగా ఏ చట్టం చేశాడో చెప్పలేం గానీ, చట్టం మీద ఆయన పేరు మాత్రం గట్టిగానే పడింది.

పాత స్కోర్‌కార్డు:

వకీలు గారికి ధన్యవాదాలు. ఆ ఒక్క రాజీనామాను నా లెక్కలోంచి తీసేస్తున్నాను. కానీ ఉప ఎన్నికలో గెలిచాక సభలో చేసిందేమిటన్న ప్రశ్న మిగిలే ఉంది. 2005 నుంచి హాస్య పోటీల కార్యక్రమానికి న్యాయనిర్ణేత, మ్యాచ్‌లు ఉన్నప్పుడు వ్యాఖ్యాత, 2012లో బిగ్ బాస్ ఇంట్లో కొన్ని వారాలు, 2013 నుంచి కపిల్ శర్మ కార్యక్రమంలో శాశ్వత ఆసనం. ఇవన్నీ ఆయన పార్లమెంటు సభ్యుడిగా ఉన్న పదేళ్లలోనే జరిగాయి. మా ఎంపీ కనబడుట లేదంటూ అమృత్‌సర్ గోడల మీద పోస్టర్లు వెలిసిన వార్తలు అప్పట్లో పత్రికల్లో వచ్చాయి. టీవీ పెడితే మాత్రం కనబడేవాడు.

అమృత్‌సర్‌లో ఆరేళ్లు:

నేను బ్యాంకు ఉద్యోగ రీత్యా అక్కడ ఉన్నవాణ్ని కాబట్టి ఒక మాట చెప్పాలి. తెలుగు ప్రేక్షకులకు సిద్ధూ అంటే నవ్వులు, ప్రాసలు, "ఠోకో తాళీ" (చప్పట్లు కొట్టండి) అన్న కేక. పంజాబీలో ఆయన ప్రసంగం విన్నవారికి అందులో గురుబాణీ (సిక్కు గురువుల వాణి) పంక్తులు, ఉర్దూ షేర్లు, ఊరి సామెతలు కలిసి వచ్చే ధార వినిపిస్తుంది. ఇంగ్లిషు వ్యాఖ్యానంలో అతిశయోక్తిగా వినబడే ఆ ధోరణి అక్కడి మైదాన సభల్లో చాలా సహజంగా ఉంటుంది. నా ఉద్దేశంలో ఆయన కామెంటరీ శైలిని రాజకీయాల్లోకి తీసుకురాలేదు. పంజాబీ సభా వేదికల శైలినే కామెంటరీ పెట్టెలోకి తీసుకెళ్లాడు.

ఇంకొక సంగతి. ఆయన పూర్తిగా సొంత పార్టీలోనే ఇమడలేకపోవడానికి కారణం అక్కడి పొత్తు. భాజపా అక్కడి ప్రాంతీయ పార్టీ అకాలీదళ్‌కు చిన్న భాగస్వామి. ఈయనేమో అకాలీ నాయకులను బహిరంగంగా విమర్శించేవాడు. 2014లో ఆయన స్థానాన్ని అరుణ్ జైట్లీకి ఇచ్చారు, జైట్లీ గారు కాంగ్రెస్ అభ్యర్థి కెప్టెన్ అమరీందర్ సింగ్ చేతిలో లక్షకు పైగా ఓట్లతో ఓడిపోయారు. 2016 ఏప్రిల్‌లో రాజ్యసభకు నామినేట్ చేసి సర్దిచెప్పాలని చూసినా జులైలో అదీ వదిలేశాడు. సెప్టెంబరులో హాకీ మాజీ కెప్టెన్ పర్గత్ సింగ్ తదితరులతో కలిసి ఆవాజ్-ఎ-పంజాబ్ అని ఒక వేదిక పెట్టి, 2017 జనవరికల్లా కాంగ్రెస్‌లో తేలాడు. అన్నట్టు అమృత్‌సర్ తూర్పు ఆయనకు కొత్త స్థానమేమీ కాదు, 2012లో ఆయన భార్య నవజ్యోత్ కౌర్ భాజపా తరఫున గెలిచింది అక్కడి నుంచే.

నగరి దారిలో:

మంత్రి అయ్యాక టీవీ కార్యక్రమం కొనసాగించవచ్చా అన్న వివాదం గురించి ఎవరూ రాయలేదేమిటి? ఈ చర్చకు అసలు గుండెకాయ అదే. 2017 మార్చిలో సిద్ధూకు స్థానిక సంస్థలు, పర్యాటకం, సాంస్కృతిక వ్యవహారాల శాఖలు ఇచ్చారు. వారంలో ఒక రాత్రి ముంబై వెళ్లి షూటింగు ముగించుకుని వస్తానని, అది తన జీవనోపాధి అని, అవినీతి చేయడం కంటే కష్టపడి సంపాదించడం మేలు కాదా అని ఆయన వాదించాడు. ముఖ్యమంత్రి అమరీందర్ సింగ్ అడ్వకేట్ జనరల్ సలహా అడిగారు. చట్టపరంగా అడ్డంకి లేదని సలహా వచ్చింది. హైకోర్టులో పిటిషన్ కూడా పడింది.

ఇప్పుడు మన దగ్గరకు రండి. రోజా గారు 2013 నుంచి జబర్దస్త్ న్యాయనిర్ణేత, 2014లోనూ 2019లోనూ నగరి ఎమ్మెల్యే. ఎమ్మెల్యేగా ఉన్నంతకాలం కార్యక్రమం చేశారు. 2022 ఏప్రిల్‌లో మంత్రి పదవి వచ్చిన వెంటనే టీవీ షూటింగులు మానేస్తున్నట్టు ప్రకటించారు. చిత్రమేమిటంటే ఆమెకు వచ్చినవి కూడా పర్యాటక, సాంస్కృతిక శాఖలే. ఒకే శాఖలు, ఒకే తరహా హాస్య కార్యక్రమం, ఇద్దరు మంత్రులు, రెండు నిర్ణయాలు. రోజా గారి రాజకీయాలతో నాకు చాలా విభేదాలున్నాయి, కానీ ఈ ఒక్క విషయంలో ఆమె చేసినదే సబబు.

డాలస్ ప్రవాసి:

సబబు ఎందుకో చెప్పండి. హిందూపురం ఎమ్మెల్యే బాలకృష్ణ గారు అన్‌స్టాపబుల్ నిర్వహిస్తే ఎవరూ అభ్యంతరం చెప్పలేదు కదా. బెంగాల్‌లో మనోజ్ తివారీ క్రీడా శాఖ సహాయ మంత్రిగా ఉంటూనే 2022లో రంజీ ఆడి శతకం కొడితే అందరూ చప్పట్లు కొట్టారు. నవ్వడం మాత్రం తప్పయిందా?

ఓరుగల్లు వకీలు:

ప్రవాసి గారి ప్రశ్నలో రెండు వేర్వేరు విషయాలు కలిసిపోయాయి. రాజ్యాంగం 191వ అధికరణం ప్రకారం శాసనసభ్యుడు ప్రభుత్వం కింద లాభదాయక పదవిలో ఉండకూడదు. ప్రైవేటు ఛానెల్ ఇచ్చే పారితోషికం ప్రభుత్వం కింది పదవి కాదు కాబట్టి సిద్ధూకైనా, రోజా గారికైనా, బాలకృష్ణ గారికైనా ఆ నిబంధన వర్తించదు. మన దేశంలో ఎమ్మెల్యే అన్నది పూర్తికాలపు ఉద్యోగమని ఏ చట్టమూ చెప్పలేదు. నాతోపాటు నల్లకోటు వేసుకునే ఎమ్మెల్యేలు ఎంతమంది లేరు?

మంత్రి విషయం వేరు. కేంద్ర హోం శాఖ రూపొందించిన మంత్రుల ప్రవర్తనా నియమావళి, పదవి చేపట్టకముందు తాను నడుపుతున్న వ్యాపార నిర్వహణ నుంచి మంత్రి తప్పుకోవాలని చెబుతుంది. సిద్ధూ వ్యాపారం నడపడం లేదు, కళాకారుడిగా పారితోషికం తీసుకుంటున్నాడన్న వాదన అక్కడే పుట్టింది. అక్షరాల ప్రకారం అది నిలుస్తుంది. అయితే ఆయన స్థానిక సంస్థల మంత్రిగా కేబుల్ టీవీ సంస్థలు పన్ను ఎగవేస్తున్నాయని విరుచుకుపడిన మాట కూడా గుర్తుంచుకోండి. టీవీ నుంచి జీతం తీసుకునే మంత్రి టీవీ రంగం మీద పన్ను నిర్ణయాలు చేసేటప్పుడు, ఆయన ఎంత నిజాయితీపరుడైనా, చూసేవారికి సందేహం కలుగుతుంది. మనోజ్ తివారీ రంజీ ఆడటంలో ఆ చిక్కు లేదు.

గోదావరి గట్టు:

చివరికి ఆ కార్యక్రమం పోయింది రాజకీయ విమర్శల వల్ల కూడా కాదు, ఒక్క మాట వల్ల. 2019 ఫిబ్రవరిలో పుల్వామా దాడి తర్వాత, కొందరు చేసిన పనికి మొత్తం దేశాన్ని తప్పుపట్టవచ్చా అన్న అర్థం వచ్చేలా ఆయన మాట్లాడటంతో జనాగ్రహం రేగింది, ఆ ఆసనంలోకి అర్చనా పూరన్ సింగ్ వచ్చారు. మాటతో వచ్చింది మాటతోనే పోయింది.

అమృత్‌సర్‌లో ఆరేళ్లు:

ఆ మాట వెనుక ఉన్న సందర్భం కూడా చెప్పాలి కదా గట్టు గారూ. 2018 ఆగస్టులో ఇమ్రాన్ ఖాన్ ప్రధానిగా ప్రమాణం చేసినప్పుడు పాత క్రికెట్ స్నేహంతో వెళ్లిన సిద్ధూ, పాకిస్తాన్ సైన్యాధిపతి బాజ్వాను కౌగిలించుకున్నాడని దేశమంతా దుమ్మెత్తిపోసింది. ముఖ్యమంత్రి సైతం తప్పుపట్టారు. గురునానక్ 550వ జయంతికి పాకిస్తాన్‌లోని కర్తార్‌పూర్ గురుద్వారాకు దారి తెరుస్తామని బాజ్వా తన చెవిలో చెప్పాడు కాబట్టే కౌగిలించుకున్నానని సిద్ధూ అంటే చాలామంది నవ్వారు. ఆ నవంబరులోనే రెండు దేశాలూ శంకుస్థాపనలు చేశాయి, 2019 నవంబరు 9న దారి తెరుచుకుంది.

డేరా బాబా నానక్ దగ్గర సరిహద్దు గట్టు మీద నిలబడి, నాలుగైదు కిలోమీటర్ల అవతల కనబడే ఆ తెల్లని గుమ్మటాన్ని దుర్భిణిలో చూసి దండం పెట్టుకుని వెనక్కి వచ్చే ముసలివాళ్లను నేను కళ్లారా చూశాను. దేశ విభజన నాటి నుంచి ఎందరో నాయకులు, ఎన్నో సంఘాలు అడిగిన దారి అది, ఘనత అంతా సిద్ధూదని అనను. రెండు ప్రభుత్వాల నిర్ణయం లేకుండా అది జరిగేది కాదు. కానీ అక్కడి పల్లెల్లో ఆయన పేరు ఎందుకు చెప్పుకుంటారో బయటివాళ్లకు అర్థం కావాలంటే ఆ గట్టు మీద ఒక గంట నిలబడాలి.

పాత స్కోర్‌కార్డు:

కర్తార్‌పూర్ విషయంలో మీతో వాదించను. నా అభ్యంతరం మంత్రిత్వం గురించే. 2019 లోక్‌సభ ఎన్నికల్లో పట్టణ ప్రాంతాల్లో కాంగ్రెస్ వెనకబడటానికి స్థానిక సంస్థల శాఖ పనితీరే కారణమని ముఖ్యమంత్రి అన్నారు. జూన్‌లో ఆ శాఖ తీసేసి విద్యుత్ శాఖ ఇచ్చారు. సిద్ధూ ఆ బాధ్యత చేపట్టనే లేదు. రాజీనామా లేఖ ముఖ్యమంత్రికి కాకుండా రాహుల్ గాంధీకి రాసి, నెల తర్వాత దాన్ని ట్విట్టర్‌లో పెట్టాడు. ఎండాకాలం, వరి నాట్ల కాలం. పంజాబ్‌లో బోరుబావులకు కరెంటు అందాల్సిన ఆ నెలన్నర విద్యుత్ శాఖకు మంత్రి ఉండీ లేనట్టే. కొత్త శాఖ ఇష్టం లేకపోతే మొదటి రోజే చెప్పి తప్పుకోవచ్చు, లేదా కూర్చుని పని చేసి చూపించవచ్చు. ఆయన రెండూ చేయలేదు.

2021 జులై 18న పార్టీ అధ్యక్షుడయ్యాడు. సెప్టెంబరు 18న అమరీందర్ దిగిపోయారు, అదే పార్టీకి చెందిన చరణ్‌జీత్ సింగ్ చన్నీ ముఖ్యమంత్రి అయ్యారు. సెప్టెంబరు 28న అడ్వకేట్ జనరల్, పోలీసు అధిపతి నియామకాలు నచ్చలేదని సిద్ధూ రాజీనామా లేఖ పంపాడు, తర్వాత వెనక్కి తీసుకున్నాడు. సొంత ప్రభుత్వం మీద తానే ప్రతిపక్ష నాయకుడిలా రోజూ మాట్లాడాడు. 117 స్థానాల సభలో 2017లో 77 గెలిచిన పార్టీ 2022లో 18కి పడిపోయింది. దానికి ఆయన ఒక్కడే కారణం కాదు, కానీ ఎన్నికల ముందు ఆరు నెలలు ఆ ఇంట్లో జరిగిన గొడవను వీధి వీధికీ మైకులో వినిపించినవాడు మాత్రం ఆయనే.

చేపాక్ గ్యాలరీ:

అమృత్‌సర్ తూర్పులో ఆ ఏడాది సిద్ధూ, అకాలీ నాయకుడు బిక్రమ్ మజీఠియా కొట్టుకుంటారని టీవీలన్నీ ఊదరగొట్టాయి. గెలిచింది ఇద్దరూ కాదు. ఆమ్ ఆద్మీ పార్టీ తరఫున నిలబడిన జీవన్ జ్యోత్ కౌర్ 6,750 ఓట్ల తేడాతో గెలిచారు. ఆమె శానిటరీ ప్యాడ్ల గురించి మహిళల్లో పనిచేస్తూ వచ్చిన సామాజిక కార్యకర్త. స్టూడియోలో ఎంత గొంతున్నా ఓటరు ఎటు చూస్తున్నాడో స్టూడియోకి తెలియదని నాకు అప్పుడు అర్థమైంది. ఇక్కడ మాత్రం స్కోర్‌కార్డు గారి వాదనకు కాస్త దగ్గరవుతున్నాను.

నగరి దారిలో:

వకీలు గారూ, 1988 నాటి కేసు చివరికి ఏమైందో పూర్తి చేయలేదు మీరు. జైలుకు వెళ్లాడు కదా, ఇక ఎన్నికల్లో పోటీ చేయడానికి వీల్లేదా?

ఓరుగల్లు వకీలు:

2018 మేలో సుప్రీంకోర్టు ప్రాణహరణ నేరం నుంచి విముక్తి చేసి, గాయపరిచిన నేరానికి వెయ్యి రూపాయల జరిమానాతో సరిపెట్టింది. మృతుడి కుటుంబం పునఃసమీక్ష కోరగా, 2022 మే 19న అదే కోర్టు ఏడాది కఠిన కారాగార శిక్ష విధించింది. మర్నాడే పటియాలాలో లొంగిపోయి, 2023 ఏప్రిల్ 1న విడుదలయ్యాడు. ముప్పై మూడేళ్లకు పైగా ఒక కుటుంబం న్యాయస్థానాల చుట్టూ తిరిగిందన్న సంగతి, మనం ఆయన ప్రాసల గురించి మాట్లాడుకునేటప్పుడు మరిచిపోకూడదు.

మీ రెండో ప్రశ్నకు: ఇలాంటి నేరాల్లో శిక్ష రెండేళ్లు లేదా అంతకు మించితేనే అనర్హత వస్తుంది. ఆయనకు పడింది ఏడాది. కాబట్టి పోటీకి చట్టం అడ్డు రాలేదు. 2024 లోక్‌సభ ఎన్నికల్లో ఆయనే పోటీ చేయలేదు.

గోదావరి గట్టు:

పోటీ చేయలేదు సరే, ఆ వేసవిలో ఏం చేశాడో కూడా రాయండి. పంజాబ్‌లో పార్టీలు ప్రచారానికి తిరుగుతుంటే ఆయన ఐపీఎల్‌లో హిందీ వ్యాఖ్యానానికి తిరిగి వచ్చాడు. మా ఇంట్లో తెలుగు కామెంటరీ పెట్టుకుంటాం. అందులో వెంకటపతి రాజు గారి గొంతు వినబడితే మా నాన్నగారు సర్దుకుని కూర్చుంటారు. కానీ ఆ మొదటి వారం ఆయనే రిమోట్ తీసుకుని హిందీకి మార్చారు. ఇన్నేళ్ల తర్వాత ఎలా మాట్లాడతాడో చూద్దామన్నారు. రెండు ఓవర్లు విని, "ఏమీ మారలేదురా" అని మళ్లీ తెలుగుకు వచ్చేశారు. అది మెప్పో విసుగో నేను అడగలేదు.